ప్రాంతీయ సెట్టింగులు మారినా తప్పు చేయని మాక్రో రాయడం ఎలా: ఎక్సెల్ ఆటోమేషన్‌కు సమగ్ర మార్గదర్శి

ఇన్‌వాయిస్ మీద 05/04/2024 అని ఉంటే హైదరాబాదులోని అకౌంటెంటు దాన్ని ఏప్రిల్ 5గా చదువుతారు. అదే తేదీ ఉన్న సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన మామూలు అక్షరాల ఫైలు) వీబీఏ మాక్రోతో (ఎక్సెల్‌లోనే రాసుకునే చిన్న ప్రోగ్రాము) తెరిస్తే ఎక్సెల్ దాన్ని మే 4గా చదువుతుంది. ఎర్రర్ రాదు, సెల్‌లో తేదీ చక్కగానే కనిపిస్తుంది, కానీ ఆ మొత్తం వేరే నెల లెక్కలో పడుతుంది. నేను రాసిన ఒక మాక్రోలో ఈ తప్పు రెండు నెలల పాటు ఎవరి కంటా పడలేదు. చివరికి బకాయిల పట్టిక సరిపోలక వరుస వరుసా చూస్తూ పోతే బయటపడింది. ఆ తర్వాత కొద్ది రోజులకే అదే మాక్రోను జర్మనీలో పనిచేస్తున్న మిత్రునికి పంపితే అక్కడ మొదటి ఫార్ములా దగ్గరే 1004 ఎర్రర్‌తో ఆగిపోయింది. పైకి వేర్వేరుగా కనిపించిన ఈ రెండింటికీ మూలం ఒక్కటే: సంఖ్యనూ తేదీనూ విలువలుగా కాక అక్షరాలుగా ఒక చోటి నుంచి మరో చోటికి మోయడం. అక్షరాలుగా మోసిన ప్రతిసారీ వాటిని ఎవరో ఒకరు తమ దేశపు అలవాటు ప్రకారం చదువుతారు.

ఈ మార్గదర్శి ఎక్కువగా విండోస్‌లోని ఎక్సెల్, వీబీఏల గురించి. కోడ్ పదాలను పలికే తీరులో తెలుగు లిపిలో ఇస్తున్నాను. ఎడిటర్‌లో మాత్రం వాటిని ఇంగ్లీషులోనే టైప్ చేయాలి.

మొదటి మెట్టు: ఏ సెట్టింగు ఏం చేస్తుందో విడదీసి చూడడం

"లాంగ్వేజ్ సెట్టింగు" అని అందరం ఒకే మాటతో పిలిచే దానిలో నిజానికి మూడు వేర్వేరు సంగతులు ఉన్నాయి. ఒకటి విండోస్ రీజియన్ ఫార్మాట్. దశాంశ గుర్తు చుక్కా కామానా, తేదీలో ముందు వచ్చేది రోజా నెలా, ఫార్ములాలో అంశాలను విడదీసేది కామానా సెమికోలనా అన్నవి ఇక్కడ నిర్ణయమవుతాయి. రెండోది ఆఫీస్ డిస్‌ప్లే భాష. ఫంక్షన్ల పేర్లు దీన్ని బట్టి మారతాయి. జర్మన్ ఎక్సెల్‌లో 'సమ్' స్థానంలో 'జుమ్మె', 'ఇఫ్' స్థానంలో 'వెన్' ఉంటాయి. మూడోది యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాలకూ సంకేతాలు ఇచ్చే పద్ధతి) ఎరుగని ప్రోగ్రాముల కోసం ఉంచిన భాష. తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారే తంటా దీనితోనే, దాని గురించి తర్వాత చెబుతాను.

ఈ మూడూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా మారగలవు. ఇంగ్లీషు ఆఫీస్ వాడుతూ జర్మన్ రీజియన్ పెట్టుకున్నవారి దగ్గర ఫంక్షన్ పేర్లు ఇంగ్లీషులోనే ఉంటాయి, విభజన గుర్తు మాత్రం సెమికోలన్ అవుతుంది. వీటికి తోడు ఎక్సెల్ ఆప్షన్లలో అడ్వాన్స్‌డ్ విభాగం కింద "యూజ్ సిస్టమ్ సెపరేటర్స్" అనే గడి ఉంది. దాన్ని తీసేసి వేరే గుర్తులు పెట్టుకుంటే విండోస్ ఒకటి, ఎక్సెల్ మరొకటి చెబుతాయి.

కాబట్టి ఎవరైనా "మాక్రో పనిచేయడం లేదు" అని చెప్పిన వెంటనే కోడ్ తెరవకండి. వారి కంప్యూటర్‌లో వీబీఏ ఎడిటర్ తెరిపించి, ఇమీడియట్ విండోలో (ఒక వరుస రాసి వెంటనే జవాబు చూసే చోటు) 'అప్లికేషన్.ఇంటర్నేషనల్' అనే గుణాన్ని అడిగించండి. బ్రాకెట్‌లో 1 ఇస్తే ఎక్సెల్ ఏ దేశపు వెర్షనో, 2 ఇస్తే విండోస్ ఏ దేశానికి పెట్టి ఉందో తెలుస్తుంది. భారత్‌కు 91, జర్మనీకి 49, అమెరికాకు 1 వస్తాయి, అంటే మనం ఫోనులో వాడే దేశ సంకేతాలే. 3 ఇస్తే దశాంశ గుర్తు, 4 ఇస్తే వేల గుర్తు, 5 ఇస్తే ఫార్ములా అంశాల విభజన గుర్తు తెలుస్తాయి. 32 ఇస్తే తేదీ వరుస తెలుస్తుంది: 0 అంటే నెల ముందు, 1 అంటే రోజు ముందు, 2 అంటే సంవత్సరం ముందు. ఈ ఆరు విలువలు చేతికి వచ్చాక సమస్యలో సగం ఊహ తగ్గిపోతుంది. మన దేశంలో ఉన్న కంప్యూటరు కదా అని 91 వస్తుందని అనుకోకండి. అమెరికా ఇంగ్లీషు సెట్టింగుతో నడుస్తున్న ల్యాప్‌టాప్‌లను హైదరాబాదు, విజయవాడ ఆఫీసుల్లో నేను చాలానే చూశాను.

రెండో మెట్టు: సీఎస్‌వీ ఫైలును తెరిచే తీరు మార్చడం

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే, అది కూడా చప్పుడు లేకుండా. సీఎస్‌వీ ఫైలును చేత్తో డబుల్ క్లిక్ చేసి తెరిస్తే ఎక్సెల్ మీ విండోస్ రీజియన్ ప్రకారం చదువుతుంది. అదే ఫైలును 'వర్క్‌బుక్స్.ఓపెన్' ద్వారా మాక్రోలో తెరిస్తే, వేరేగా చెప్పకపోతే, అమెరికా ఇంగ్లీషు ప్రకారం చదువుతుంది. అందుకే "చేత్తో తెరిస్తే బాగుంది, మాక్రోతో తెరిస్తే తప్పు" అనే ఫిర్యాదు వస్తుంది. 05/04/2024 మే 4 అయిపోతుంది. 13/04/2024 లాంటి తేదీకి 13వ నెల లేదు కాబట్టి అది తేదీగా మారకుండా మామూలు అక్షరాలుగా మిగిలిపోతుంది. ఎక్సెల్ తేదీలను కుడివైపుకు, అక్షరాలను ఎడమవైపుకు చేరుస్తుంది కాబట్టి ఒకే కాలమ్‌లో కొన్ని తేదీలు కుడివైపుకు, కొన్ని ఎడమవైపుకు జరిగి ఉంటే ఈ తప్పు జరిగిందనే అర్థం. ఎడమవైపు ఉన్నవే పాడయ్యాయని చాలామంది అనుకుని వాటిని మాత్రమే సరిదిద్దుతారు. నిజానికి అవి మూలంలో ఉన్నట్టే ఉన్నాయి. పాడైనవి కుడివైపు చక్కగా కనిపిస్తున్న తేదీలు. రోజు, నెల ఒకే అంకె అయిన 04/04/2024 లాంటివి మాత్రమే అదృష్టవశాత్తు తప్పించుకుంటాయి.

దీనికి తేలికగా దొరికే సలహా 'లోకల్' అనే ఆర్గ్యుమెంటును ట్రూ చేయమని. అది చేస్తే మాక్రో కూడా విండోస్ రీజియన్ ప్రకారమే చదువుతుంది. కానీ విండోస్ రీజియనే అమెరికాగా ఉన్న ల్యాప్‌టాప్‌లో తప్పు అలాగే ఉంటుంది. ఫైలు భారతీయ పద్ధతిలో ఉందన్నది ఫైలుకు సంబంధించిన నిజం, దాన్ని చదివే కంప్యూటర్‌కు సంబంధించినది కాదు. ఆ నిజాన్ని కోడ్‌లోనే రాసి పెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం.

'వర్క్‌బుక్స్.ఓపెన్‌టెక్స్ట్' లో 'ఫీల్డ్‌ఇన్ఫో' ద్వారా కాలమ్ రకాలు చెప్పవచ్చు. అయితే ఫైలు పేరు చివర సీఎస్‌వీ అని ఉంటే ఎక్సెల్ ఆ వివరాన్ని పట్టించుకోదు. ఫైలును టీఎక్స్‌టీగా పేరు మార్చి తెరవాలి. ఈ సంగతి తెలియక నేను ఒక పూట పోగొట్టుకున్నాను. అంతకంటే నమ్మకమైన దారి 'క్వెరీటేబుల్స్.యాడ్'. దానిలో 'టెక్స్ట్‌ఫైల్‌కాలమ్‌డేటాటైప్స్' అనే గుణానికి ఒక అర్రే (కాలమ్‌ల వరుసలో విలువల జాబితా) ఇస్తారు. అందులో 1 అంటే సాధారణం, 2 అంటే అక్షరాలు, 3 అంటే నెల-రోజు-సంవత్సరం, 4 అంటే రోజు-నెల-సంవత్సరం, 5 అంటే సంవత్సరం-నెల-రోజు, 9 అంటే ఆ కాలమ్‌ను వదిలేయడం. మన బ్యాంకు స్టేట్‌మెంట్లలాంటి ఫైళ్లకు తేదీ కాలమ్‌కు 4 ఇవ్వండి. ఖాతా నంబరు కాలమ్‌కు తప్పకుండా 2 ఇవ్వండి, ఎందుకంటే ఎక్సెల్ సంఖ్యలో 15 అంకెలకు మించి నిలుపుకోదు, ముందున్న సున్నాలనూ తీసేస్తుంది. అదే క్వెరీటేబుల్‌లో 'టెక్స్ట్‌ఫైల్‌డెసిమల్‌సెపరేటర్', 'టెక్స్ట్‌ఫైల్‌థౌజండ్స్‌సెపరేటర్' అనే గుణాలకు గుర్తులు స్పష్టంగా ఇవ్వండి. 'టెక్స్ట్‌ఫైల్‌ప్లాట్‌ఫామ్' గుణానికి 65001 ఇస్తే ఫైలును యూటీఎఫ్-8గా (యూనికోడ్ అక్షరాలను ఫైలులో దాచే పద్ధతి) చదువుతుంది, తెలుగు పేర్లు చెక్కుచెదరవు. చివర 'రిఫ్రెష్' పిలిచేటప్పుడు 'బ్యాక్‌గ్రౌండ్‌క్వెరీ' ఫాల్స్ అని ఇవ్వకపోతే డేటా రాకముందే తర్వాతి వరుస నడిచిపోతుంది.

పవర్ క్వెరీ (ఎక్సెల్‌లోనే ఉన్న, బయటి డేటాను తెచ్చి సర్దే సాధనం) అలవాటున్నవారు కాలమ్ రకం మార్చేటప్పుడు "యూజింగ్ లొకేల్" ఎంచుకుని ఇంగ్లీష్ (ఇండియా) ఇస్తే చాలు. ఆ ఎంపిక క్వెరీలోనే రాసి ఉంటుంది కాబట్టి ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా నడుస్తుంది.

మూడో మెట్టు: ఫార్ములాలు రాసే చోట

ఎక్సెల్ ఫైలు లోపల ఫార్ములాలు ఎప్పుడూ ఇంగ్లీషు పేర్లతోనే దాచి ఉంటాయి. తెర మీద కనిపించే జర్మన్ పేరో ఫ్రెంచి పేరో కేవలం ముసుగు. అందుకే ఒకరు దాచిన వర్క్‌బుక్ మరో భాషలో తెరిచినా ఫార్ములాలు చెడవు. మాక్రో రాసేవారికి దీని నుంచి వచ్చే నియమం ఒకటుంది: 'రేంజ్.ఫార్ములా' గుణానికి ఎప్పుడూ ఇంగ్లీషు పేర్లు, కామాలు, దశాంశానికి చుక్క ఇవ్వాలి. 'రేంజ్.ఫార్ములాలోకల్' వాడేవారి భాషను, గుర్తులను ఆశిస్తుంది. జర్మన్ కంప్యూటర్‌లో ఫార్ములా పట్టీ నుంచి కాపీ చేసిన సెమికోలన్ల ఫార్ములాను 'ఫార్ములా' గుణానికి ఇస్తే 1004 వస్తుంది. నంబర్ ఫార్మాట్‌కూ 'నంబర్‌ఫార్మాట్', 'నంబర్‌ఫార్మాట్‌లోకల్' అని ఇలాంటి జంటే ఉంది. వేరే చోటికి వెళ్లే మాక్రోలో లోకల్ అని చివర ఉన్న గుణాలను వాడకపోవడమే మంచిది.

నా మాక్రో జర్మనీలో ఆగిపోవడానికి కారణం ఇది కూడా కాదు. నేను ఇంగ్లీషు ఫార్ములానే రాశాను, కానీ దాని మధ్యలో ఒక వేరియబుల్‌ను '&' గుర్తుతో అతికించాను. పన్ను రేటు 1.5 అనుకోండి. జర్మన్ రీజియన్‌లో ఆ సంఖ్య అక్షరాలుగా మారేటప్పుడు "1,5" అవుతుంది. అప్పుడు ఫార్ములాలో ఒక అంశం కాస్తా రెండు అంశాలవుతుంది, లేదా ఫార్ములా అర్థమే లేకుండా పోతుంది. దీనికి మందు 'ఎస్‌టీఆర్' ఫంక్షన్. అది ఏ దేశంలోనైనా చుక్కనే ఇస్తుంది. ముందు ఒక ఖాళీ వదులుతుంది కాబట్టి దాన్ని 'ట్రిమ్' తో తీసేయాలి. 'సీస్ట్రింగ్' (టైప్ చేసేది సీ-ఎస్-టీ-ఆర్) మాత్రం రీజియన్‌ను అనుసరిస్తుంది. ట్రూ అనే విలువను 'సీస్ట్రింగ్' తో మారిస్తే జర్మన్ కంప్యూటర్‌లో జర్మన్ పదమే వస్తుంది, కాబట్టి "ట్రూ" అనే అక్షరాలతో పోల్చే షరతు అక్కడ ఎన్నటికీ నెరవేరదు. ఇంకా మంచి పద్ధతి, ఆ రేటును ఒక సెల్‌లో ఉంచి ఫార్ములాలో సెల్ చిరునామా ఇవ్వడం. రేటు మారినప్పుడు కోడ్ తెరవాల్సిన పని కూడా తప్పుతుంది.

ఈ నియమానికి రెండు మినహాయింపులు ఉన్నాయి, రెండూ ఇబ్బంది పెట్టేవే. కండిషనల్ ఫార్మాటింగ్‌లో 'ఫార్మాట్‌కండిషన్స్.యాడ్' కు ఇచ్చే ఫార్ములా స్థానిక భాషలోనే ఉండాలి. దాన్ని దాటడానికి ఒక చిట్కా ఉంది: ఇంగ్లీషు ఫార్ములాను ముందు ఎక్కడైనా ఖాళీ సెల్‌లో 'ఫార్ములా' ద్వారా రాసి, వెంటనే అదే సెల్ నుంచి 'ఫార్ములాలోకల్' చదివి, దాన్ని ఫార్మాటింగ్‌కు ఇచ్చి, ఆ సెల్‌ను చెరిపేయండి. అనువాదం ఎక్సెల్ చేసిపెడుతుంది. రెండో మినహాయింపు 'టెక్స్ట్' అనే వర్క్‌షీట్ ఫంక్షన్. ఫంక్షన్ పేరు అనువాదమవుతుంది గానీ, కొటేషన్లలో ఉన్న ఫార్మాట్ అక్షరాలు కావు. సంవత్సరానికి నాలుగు 'వై' లు రాసినది జర్మన్ ఎక్సెల్‌కు అర్థం కాదు, దానికి నాలుగు 'జె' లు కావాలి. కాబట్టి 'టెక్స్ట్' తో తేదీని అక్షరాలుగా మార్చడం మానేసి, సెల్‌లో తేదీనే ఉంచి 'నంబర్‌ఫార్మాట్' పెట్టండి. సంవత్సరం ఒక్కటే కావాలంటే 'ఇయర్' ఫంక్షన్ ఉంది.

నాలుగో మెట్టు: సంఖ్యలు, తేదీలు మార్చే ఫంక్షన్లు

వీబీఏలో సంఖ్యను అక్షరాల నుంచి చదవడానికి రెండు దారులు ఉన్నాయి, రెండింటిలోనూ గోతులున్నాయి. 'సీడబుల్' (టైప్ చేసేది సీ-డీ-బీ-ఎల్) రీజియన్ ప్రకారం చదువుతుంది: "1.234" మన దగ్గర ఒకటికి పైచిలుకు, జర్మనీలో వెయ్యీ రెండు వందల ముప్ఫై నాలుగు. "1,5" ను మన దగ్గర 15గా చదివేస్తుంది, అభ్యంతరం చెప్పదు. 'వాల్' ఏ దేశంలోనైనా చుక్కనే దశాంశంగా తీసుకుంటుంది, కానీ తనకు తెలియని మొదటి అక్షరం దగ్గర ఆగిపోతుంది. అందుకే లక్షా పాతికవేలను మన పద్ధతిలో "1,25,000" అని రాసి 'వాల్' కు ఇస్తే తిరిగి వచ్చేది 1. సురక్షితమైన క్రమం ఇది: ఫైలు ఏ పద్ధతిలో వచ్చిందో తెలుసుకుని, 'రీప్లేస్' తో ముందు వేల గుర్తులన్నీ తీసేసి, తర్వాత దశాంశ గుర్తును చుక్కగా మార్చి, అప్పుడు 'వాల్' కు ఇవ్వండి. ఈ క్రమం తారుమారు చేయకూడదు.

తేదీలకు 'సీడేట్', 'డేట్‌వాల్యూ' రెండూ రీజియన్‌ను అనుసరిస్తాయి. అంతేకాక 'సీడేట్' కు ఒక మొహమాటం ఉంది: తన వరుసలో కుదరకపోతే రోజునూ నెలనూ తారుమారు చేసి ఎలాగోలా తేదీ తయారు చేస్తుంది. ఎర్రర్ ఇచ్చి ఉంటే మనకు మేలు చేసి ఉండేది. 'స్ప్లిట్' తో మూడు ముక్కలు చేసి 'డేట్‌సీరియల్' కు సంవత్సరం, నెల, రోజు అనే క్రమంలో ఇవ్వండి. దానికి ముందు నెల 12కు మించలేదని ఒక షరతు పెట్టండి, ఎందుకంటే 'డేట్‌సీరియల్' 13వ నెలను వచ్చే ఏడాది జనవరిగా మార్చేస్తుంది.

సెల్‌లోకి రాసేటప్పుడు 'వాల్యూ' గుణానికి "05/04/2024" అనే అక్షరాలు ఇస్తే మళ్లీ మే 4 అవుతుంది. తేదీని 'వాల్యూ2' కు సీరియల్ సంఖ్యగా (ఎక్సెల్ లోపల తేదీని దాచుకునే రోజుల లెక్క) ఇవ్వండి. 2024 ఏప్రిల్ 5 అంటే 45387, మే 4 అంటే 45416. ఈ సంఖ్యలకు ఏ దేశపు అలవాటూ అంటదు. చదివేటప్పుడు కూడా 'వాల్యూ2' నే వాడండి. 'టెక్స్ట్' గుణం తెర మీద కనిపించే రూపాన్ని ఇస్తుంది, కాలమ్ ఇరుకైతే వరుసగా హ్యాష్ గుర్తులనే ఇస్తుంది. ఆటోఫిల్టర్‌లో తేదీ షరతు పెట్టేటప్పుడు కూడా పోలిక గుర్తు పక్కన ఇదే సీరియల్ సంఖ్యను 'సీలాంగ్' (టైప్ చేసేది సీ-ఎల్-ఎన్-జీ) తో మార్చి అతికించండి. "ఫిల్టర్ పెడితే ఒక్క వరుస కూడా రావడం లేదు" అనే సమస్యకు ఎక్కువసార్లు ఇదే జవాబు. ఒకవేళ వర్క్‌బుక్ 1904 తేదీ పద్ధతిలో (రోజులను 1904 నుంచి లెక్కించేది) ఉంటే ఈ సంఖ్యలకు 1462 రోజుల తేడా వస్తుందని గుర్తుంచుకోండి.

తేదీని ఫైలు పేరులోనో నివేదికలోనో రాయడానికి వీబీఏ 'ఫార్మాట్' ఫంక్షన్ వాడతాం. ఇందులోని అక్షరాలు ఎప్పుడూ ఇంగ్లీషువే, కానీ ఏటవాలు గీత మాత్రం గీత కాదు. దాని స్థానంలో ఆ కంప్యూటర్‌లోని తేదీ విభజన గుర్తు వచ్చి కూర్చుంటుంది. మన దగ్గర అడ్డగీత రావచ్చు, జర్మనీలో చుక్క వస్తుంది. గీతే కావాలంటే దాని ముందు వెనుకకు వాలిన గీత పెట్టాలి. సంవత్సరం-నెల-రోజు వరుసలో అడ్డగీతలతో రాస్తే ఈ బెడద లేదు, ఫైళ్లు కూడా తేదీ వరుసలో సర్దుకుంటాయి.

ఐదో మెట్టు: తెలుగు అక్షరాలు

వీబీఏ ఎడిటర్ యూనికోడ్ రాకముందు నాటి పద్ధతిలోనే ఉండిపోయింది. అది విండోస్ కోడ్ పేజీని (ఒక్కో భాషకు ఉన్న పాత అక్షర సంకేతాల పట్టిక) బట్టి అక్షరాలు దాచుకుంటుంది, తెలుగుకు విండోస్‌లో అలాంటి కోడ్ పేజీ లేనే లేదు. కోడ్‌లో నేరుగా తెలుగు టైప్ చేస్తే వరుసగా ప్రశ్నార్థకాలు పడేది అందుకే. జపాన్ వారు తమ భాషను ఎంచుకుంటే వారి అక్షరాలు నిలుస్తాయి, మనకు ఆ వెసులుబాటు లేదు. ఇది మన లోపం కాదు, వేళ్లతో ఎన్నిసార్లు మళ్లీ టైప్ చేసినా ఫలితం మారదు.

మార్గం సులభమైనదే: తెలుగు మాటలన్నీ ఒక దాచిన షీట్‌లోని సెల్‌లలో ఉంచి, కోడ్ అక్కడి నుంచి చదివేలా చేయండి. సెల్‌లకు యూనికోడ్ పూర్తిగా వస్తుంది. ఒకటి రెండు మాటలే అయితే 'సీహెచ్‌ఆర్‌డబ్ల్యూ' ఫంక్షన్‌తో సంకేతాలు ఇవ్వవచ్చు. తెలుగు లిపి 3072 నుంచి 3199 వరకు ఉంటుంది. "తెలుగు" అనే మాటకు 3108, 3142, 3122, 3137, 3095, 3137 అని ఆరు సంకేతాలు. 'మెసేజ్‌బాక్స్' (టైప్ చేసేది ఎం-ఎస్-జీ-బాక్స్) మాత్రం తెలుగును ఎలా ఇచ్చినా చూపలేదు. సందేశాన్ని యూజర్‌ఫామ్ లేబుల్‌లోనో షీట్ మీదో చూపండి.

ఫైలులోకి రాసేటప్పుడు వీబీఏ 'ప్రింట్' ఆజ్ఞ తెలుగును పోగొడుతుంది. 'ఏడీఓడీబీ.స్ట్రీమ్' వాడి 'చార్‌సెట్' కు యూటీఎఫ్-8 ఇవ్వండి. అది ఫైలు మొదట్లో 239, 187, 191 అనే మూడు బైట్ల గుర్తు కూడా పెడుతుంది. ఆ గుర్తు ఉంటేనే డబుల్ క్లిక్ చేసి తెరిచినవారికి తెలుగు తెలుగుగా కనిపిస్తుంది.

వీబీఏ కాక ఇతర పద్ధతుల్లో

డాట్‌నెట్ నుంచి ఎక్సెల్‌ను నడిపేటప్పుడు "పాత ఫార్మాట్ లేదా చెల్లని టైప్ లైబ్రరీ" అనే అర్థం వచ్చే సందేశంతో 80028018 ఎర్రర్ వస్తే, ఇంగ్లీషు ఎక్సెల్‌కూ వేరే భాష రీజియన్‌కూ పొసగలేదని అర్థం. ఎక్సెల్‌ను పిలిచేంతవరకు థ్రెడ్ కల్చర్‌ను (ప్రోగ్రాము పాటించే ప్రాంతీయ అలవాటు) అమెరికా ఇంగ్లీషుగా పెట్టి, తర్వాత పాతదాన్ని తిరిగి పెట్టండి. పవర్‌షెల్‌లో అక్షరాలను తేదీ రకానికి నేరుగా మార్చితే ఏ రీజియన్‌లోనైనా నెలనే ముందుగా చదువుతుంది, అంటే హైదరాబాదు సెట్టింగులోనూ మే 4 వస్తుంది. అక్కడ 'పార్స్‌ఎగ్జాక్ట్' ఒక్కటే నమ్మదగినది. పైథాన్‌లో పట్టికలకు వాడే పాండాస్‌లో 'డేఫస్ట్' అనేది కచ్చితమైన ఆజ్ఞ కాదు, కుదరని తేదీని తిప్పి చదవగలదు. కాబట్టి 'టు_డేట్‌టైమ్' కు పూర్తి ఫార్మాట్ ఇవ్వండి. పైథాన్ నుంచి ఎక్సెల్ ఫైళ్లు రాసే ఓపెన్‌పైఎక్సెల్‌లో ఫార్ములాలు ఇంగ్లీషు పేర్లు, కామాలతోనే రాయాలి. లిబ్రెఆఫీస్‌లో 'సెట్‌ఫార్ములా' కు ఇంగ్లీషు పేర్లు, కానీ సెమికోలన్లు కావాలి.

గూగుల్ షీట్స్ తీరు వేరు. అక్కడ లొకేల్ (ప్రాంతీయ సెట్టింగు) కంప్యూటర్‌ది కాదు, షీట్‌ది. ఫైల్ మెనూలోని సెట్టింగులలో దాన్ని మారుస్తారు, చూసే అందరికీ ఒకటే వర్తిస్తుంది. స్క్రిప్టు మొదట్లోనే 'గెట్‌స్ప్రెడ్‌షీట్‌లొకేల్' తో సరిచూసుకుని, తాము ఆశించినది కాకపోతే ఆపేయడం మేలు. షీట్ టైమ్ జోన్, స్క్రిప్టు టైమ్ జోన్ విడివిడిగా ఉంటాయి. రెండూ కలవకపోతే తేదీ ఒక రోజు వెనక్కో ముందుకో జరుగుతుంది.

చివరి మెట్టు: మీ దగ్గరే జర్మనీని సృష్టించి పరీక్షించడం

విండోస్, ఆర్ మీటలు కలిపి నొక్కి ఐఎన్‌టీఎల్ చుక్క సీపీఎల్ అని ఇంగ్లీషులో టైప్ చేస్తే రీజియన్ పెట్టె తెరుచుకుంటుంది. ఫార్మాట్ దగ్గర జర్మన్ (జర్మనీ) ఎంచుకుని, ఎక్సెల్ పూర్తిగా మూసి తెరవండి. ఫంక్షన్ పేర్లు కూడా మారాలంటే ఆఫీస్ జర్మన్ భాషా ప్యాక్ పెట్టుకోవాలి, కానీ చాలా తప్పులు రీజియన్ మార్పుతోనే బయటపడతాయి. పరీక్ష ఫైలులో కనీసం ఈ వరుసలు ఉంచండి: 05/04/2024, 13/04/2024, 1,25,000.50, 1.5, ఒక తెలుగు పేరు, సున్నాతో మొదలయ్యే ఖాతా నంబరు ఒకటి. మాక్రో నడిపాక తేదీ కాలమ్ మీద 'ఈజ్‌నంబర్' పెట్టి అక్షరాలుగా మిగిలినవి ఎన్నో లెక్కించండి, మొదటి తేదీ సీరియల్ సంఖ్య 45387 అవునో కాదో చూడండి. తర్వాత రీజియన్‌ను ఇంగ్లీష్ (యునైటెడ్ స్టేట్స్), ఇంగ్లీష్ (ఇండియా) లకు మార్చి ఇదే మళ్లీ చేయండి. మూడు చోట్లా 'వాల్యూ2' లు ఒకటే అయితే ఆ మాక్రోను పంపవచ్చు.